వరలక్ష్మీ వ్రతం లోపు ఇల్లు ఒక దారికి రావాలి: కుళాయి మచ్చలు, బాత్రూమ్ వాసన, ఆరని బట్టలు

నిజాంపేట వాణి
అందరికీ నమస్కారం. వచ్చే శుక్రవారం మా ఇంట్లో వ్రతం. ఊరినుంచి అమ్మావాళ్ళు, మా ఆడపడుచు కుటుంబం వస్తున్నారు. అద్దె ఫ్లాట్, పూర్తిగా బోరు నీళ్ళు. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పిల్లలిద్దరూ బడికి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు.

నా సమస్యలు ఇవీ. కుళాయిలు, షవర్, సింకు, బాత్రూమ్ గాజు తలుపు, అన్నిటిమీదా తెల్లగా పొరకట్టింది. ఎంత రుద్దినా తడిగా ఉన్నంతసేపే మెరుస్తాయి, ఆరగానే మళ్ళీ అదే తెలుపు. గెస్ట్ రూమ్ బాత్రూమ్ ఎవరూ వాడరు, అయినా తలుపు తీస్తే డ్రైనేజీ వాసన. వాషింగ్ మెషిన్ లోంచి తీసిన బట్టలు కూడా ముక్కవాసన వస్తున్నాయి. వాన వదలడం లేదు, యూనిఫాంలు రెండు రోజులైనా ఆరడం లేదు. ఆదివారం ఒక్కటే చేతిలో ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బోరునీళ్ళ భాస్కర్
వాణిగారూ, నాది శానిటరీ సామాన్ల షాపు. మీ వైపునుంచి రోజూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు.

ఆ తెలుపు మురికి కాదండీ, సున్నం. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీటి చుక్క ఆరిపోతుంది, లవణం అక్కడే ఉండిపోతుంది. తాగే నీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ అపార్ట్‌మెంట్ నీళ్ళు ఒకసారి పరీక్ష చేయిస్తే లెక్క తెలుస్తుంది.

సున్నాన్ని సబ్బు కరిగించలేదు, పులుపు కరిగిస్తుంది. కిరాణా కొట్లో నిమ్మఉప్పు దొరుకుతుంది. రెండు చెంచాలు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, పాత గుడ్డ ముంచి కుళాయి చుట్టూ చుట్టండి. పావుగంట వదిలేసి మెత్తటి స్క్రబ్బరుతో తుడిచి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి. ఈ చివరి పని మానేస్తే వారంలో మళ్ళీ మొదటికే వస్తుంది. షవర్ తలకాయ ఊడితే సరే, ఊడకపోతే నిమ్మఉప్పు నీళ్ళు పోసిన పాలిథిన్ సంచిని దానికి కట్టి, రబ్బరు బ్యాండు వేసి ఓ గంట ఉంచండి. స్టీలు పీచు మాత్రం వద్దు. క్రోమ్ పూత గీసుకుపోతే ఆ గీతల్లోనే సున్నం ఇంకా తొందరగా పట్టుకుంటుంది.

ఇక గెస్ట్ బాత్రూమ్. నేలమీద జాలీ కింద ఉండే గిన్నెలాంటి భాగాన్ని నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీళ్ళు నిలిచి ఉండాలి. కింది పైపులోని గాలిని, బొద్దింకల్ని పైకి రానివ్వకుండా ఆపేది ఆ నీళ్ళే. వాడని బాత్రూమ్‌లో అవి ఆవిరైపోతాయి, దారి తెరుచుకుంటుంది. జాలీ తీసి, వెంట్రుకలూ సబ్బు జిగురూ ఉంటే తీసేసి, రెండు చెంబుల నీళ్ళు పోయండి. చాలా ఇళ్ళలో వాసన దాంతోనే పోతుంది. నీళ్ళు పోసినా తగ్గకపోతే ట్రాప్ పగిలిందనో, దానిచుట్టూ సిమెంటు వదిలిందనో అనుకుని ప్లంబర్‌ని పిలవండి. ఫినాయిల్ పోసి కప్పిపుచ్చడం దండగ.

గుంటూరు సుధ
భాస్కర్‌గారూ, ఇన్నాళ్ళూ నేను జాలీమీద కర్పూరం బిళ్ళలు పెడుతున్నాను, అసలు సంగతి ఇప్పుడు తెలిసింది. ఒక సందేహం. మా వంటగట్టు కడప బండ, హాల్లో తాండూరు బండలు. వాటిమీదా తెల్లమరకలున్నాయి. నిమ్మఉప్పు వేయొచ్చా?

బోరునీళ్ళ భాస్కర్
వద్దమ్మా, అస్సలు వద్దు. కడప, తాండూరు, బేతంచెర్ల బండలు మూడూ సున్నపురాయి జాతే. పాలరాయి కూడా అంతే. పులుపు మరకనీ తింటుంది, బండనీ తింటుంది. పాలిష్ పోయి గరుకుగా, మసకగా అయిపోతుంది, మళ్ళీ మెషిన్ పెట్టి పాలిష్ కొట్టిస్తే తప్ప రాదు. వంటగట్టుమీద నిమ్మకాయ కోసి చెక్క అలాగే వదిలేసినా గుండ్రటి మచ్చ పడేది ఇందుకే. వాటికి గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి గుడ్డ చాలు. గ్రానైట్ అయితే పులుపుకి అంత తేలిగ్గా లొంగదు, అయినా అలవాటు చేయొద్దు.

హన్మకొండ రజిత
బడిలో రసాయనశాస్త్రం చెప్తాను, అందుకని ఈ మాట చెప్పకుండా ఉండలేను. పండగ ముందు తొందరలో చాలామంది టాయిలెట్ క్లీనర్ పోసి, అది చాలదన్నట్టు దానిమీదే బ్లీచింగ్ వేస్తారు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో కళ్ళు మండి, ఊపిరాడక మనిషి పడిపోయేంత ప్రమాదం. నిమ్మఉప్పు, వెనిగర్ కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు. రెండూ వాడాలంటే రెండు వేర్వేరు రోజులు పెట్టుకోండి.

వీధిలో సీసాల్లో అమ్మే యాసిడ్ ఇంట్లోకి తేకండి. బోళ్ళు తోమే ఆమెతో ఒట్టి చేతులతో అది వాడించడం మరీ అన్యాయం.

విశాఖ శ్రీను
వాణిగారూ, మా ఇంట్లో బట్టల పని నాది. సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి చెమ్మ సంగతి నాకు బాగా తెలుసు.

ఫ్రంట్ లోడ్ మెషిన్ అయితే తలుపు చుట్టూ ఉండే రబ్బరుని వేలితో మడిచి చూడండి. నల్లటి జిగురు, నాణేలు, జుట్టు, పిల్లల సాక్సు దారాలు అక్కడే ఉంటాయి. సబ్బునీళ్ళ గుడ్డతో తుడవండి. తరవాత కింద కుడిచేతి మూలనో ఎడమచేతి మూలనో చిన్న మూత ఉంటుంది, దాని వెనక ఫిల్టర్. స్విచ్చి ఆపి, కింద వెడల్పాటి పళ్ళెం, పాత తువ్వాలు పెట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారిగా తిప్పితే వంటిల్లంతా నీళ్ళు. అందులోంచి వచ్చే నీళ్ళ వాసన చూస్తే మీ బట్టల వాసన ఎక్కడిదో తెలిసిపోతుంది. ఆపైన టబ్ క్లీన్ మోడ్‌లో ఖాళీగా వేడినీళ్ళతో ఒకసారి తిప్పండి. టాప్ లోడ్ అయితే లోపల గోడకి ఉండే నూగు పట్టే జాలీ సంచి చూడండి.

బోరు నీళ్ళలో నురుగు రావడం లేదని పౌడర్ ఎక్కువ వేస్తాం. అది పూర్తిగా వదలదు, డ్రమ్ము వెనకాల పేరుకుంటుంది, దానిమీద బూజు పెరుగుతుంది. లిక్విడ్ తక్కువగా వేసి, ఇంకోసారి జాడింపు పెట్టండి. ఉతకడం అయిపోయాక మెషిన్ తలుపు, సబ్బు సొరుగు రెండూ తెరిచే ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గదికి గడియ పెట్టుకోండి.

ఆరడం గురించి: వానాకాలం గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, కాబట్టి బట్టలోని నీళ్ళు పోవడానికి గాలి కదలాలి. స్పిన్ రెండుసార్లు పెట్టండి. తీగమీద బట్టకీ బట్టకీ మధ్య బెత్తెడు ఖాళీ వదలండి. ప్యాంటుని తిరగేసి, నడుం భాగం తెరుచుకునేలా రెండు క్లిప్పులతో వేలాడదీస్తే జేబులు కూడా ఆరతాయి. కింద టేబుల్ ఫ్యాను, ఒక కిటికీ కొద్దిగా తెరిచి. పడకగదిలో తలుపులన్నీ మూసి ఆరేస్తే ఆ తేమంతా గోడకి, బీరువా వెనక్కి పట్టి బూజవుతుంది. యూనిఫాంలు వారాంతం దాకా దాచకుండా రోజుకి ఒక జత ఉతికితే తీగమీద చోటుంటుంది. కాస్త చెమ్మ మిగిలితే ఇస్త్రీతో సరి.

నిజాంపేట వాణి
ఎంత ఓపిగ్గా చెప్పారండీ అందరూ! ట్రాప్‌లో నీళ్ళు పోశాం, పొద్దుటికి వాసన లేదు. మా ఆయన ఫిల్టర్ విప్పితే హెయిర్ క్లిప్పులు, ఒక రూపాయి బిళ్ళ, పెన్సిల్ ముక్క వచ్చాయి.

ఇంకో రెండు అడుగుతాను. ఇత్తడి చెంబులు, కుందులు నల్లబడ్డాయి. వెండి పళ్ళెం కూడా. క్రిందటి ఏడాది పూజలో కట్టుకున్న గంధం రంగు పట్టుచీర అంచు దగ్గర పసుపు మరక ఉంది, అది కట్టాలని అత్తయ్యగారి కోరిక.

కాకినాడ కామేశ్వరి
అమ్మాయ్ వాణీ, ఇత్తడికి పాత చింతపండే శ్రేష్ఠం. కొత్తదాన్ని పచ్చడికి ఉంచుకో. గుప్పెడు నానబెట్టి, పిప్పితో సహా కాస్త ఉప్పు చేర్చి రుద్దు. కుందుల చెక్కుల్లో పాత టూత్‌బ్రష్ పెట్టు. నల్లదనం నీ కళ్ళముందే దిగిపోతుంది. పులుపు మాత్రం దానిమీద ఉండనివ్వకు. బాగా కడిగి, చివరగా తాగేనీళ్ళతో ఒకసారి తొలిచి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండబెట్టు. బోరు నీళ్ళ చుక్క ఆరితే ఇత్తడిమీదా మచ్చ పడుతుంది. చమురు కారి గట్టిపడ్డ కుందులైతే ముందు వేడినీళ్ళలో సబ్బు వేసి నానబెట్టాలి. జిడ్డుమీద చింతపండు పట్టదు. గురువారం తోముదాంలే అనుకోకు, బుధవారానికే అయిపోవాలి. గురువారం పిండివంటలకే చాలదు.

వెండికి చింతపండు పెట్టకు. మా కాలంలో విభూతి పెట్టి మెత్తగా తుడిచేవాళ్ళం.

హన్మకొండ రజిత
వెండికి ఇంకో పద్ధతి ఉంది పిన్నిగారూ. వెడల్పాటి గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి వస్తువు దానికి తగిలేలా పెట్టి, వంటసోడా ఒక పెద్ద చెంచాడు వేసి మరిగే నీళ్ళు పోయాలి. వెండిమీది నలుపు గంధకంతో కలిసిన వెండే. ఈ పద్ధతిలో గంధకం అల్యూమినియం వైపు వెళ్ళిపోతుంది, వెండి పళ్ళానికే మిగులుతుంది. రుద్దితే ఆ వెండి గుడ్డకి అంటి పోతుంది. కాస్త కోడిగుడ్డు వాసన వస్తుంది, కిటికీ తెరవండి. రాళ్ళు పొదిగినవి, కావాలని నల్లమెరుగు పెట్టించినవి మాత్రం ఇందులో వేయొద్దు.

పసుపు మరక గురించి. పసుపులోని కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, అందుకే నీళ్ళతో పోదు. సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. అది చూసి కొత్త మరకేదో పడిందని కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దుతారు. సబ్బులోని క్షారం వల్ల వచ్చిన రంగు అది, బాగా జాడిస్తే మళ్ళీ పసుపు రంగుకే వస్తుంది. అసలు మందు ఎండ. కుర్కుమిన్ వెలుతురుకి నిలవదు. తెల్ల చొక్కా, పంచె, తువ్వాలు అయితే ఉతికి తడిగానే మరక పైకి వచ్చేలా ఎండలో వేయండి, రెండు మూడు ఎండలకి పోతుంది.

పట్టుకి ఆ పని కుదరదు, చీర రంగే వెలిసిపోతుంది. ఏడాది నాటి మరక కాబట్టి ఇంట్లో ప్రయోగం చేయకుండా డ్రై క్లీనింగ్‌కి ఇచ్చి, అది పసుపు మరక అని నోటితో చెప్పండి. మరక ఏమిటో తెలిస్తే వాళ్ళు దానికి తగ్గ మందు వాడతారు.

డాలస్ దుర్గ
అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇక్కడ మనం బట్టలు ఎండలో వేయడం మర్చిపోయాం, ఉతికినవన్నీ డ్రయ్యర్‌లోకి వెళ్తాయి. పసుపు, ఆవకాయ నూనె మరక పూర్తిగా పోయిందని చూసుకోకుండా డ్రయ్యర్‌లో వేస్తే ఆ వేడికి మరక పాతుకుపోతుంది. మా ఇంట్లో మరక ఉన్నవాటికి వేరే బుట్ట పెట్టాం. ఆవకాయ నూనెకి ముందు గిన్నెల లిక్విడ్ పొడి బట్టమీదే రాసి పది నిమిషాలు ఉంచాలి, నీళ్ళు ఆ తరవాతే. సాంబారుతో పసుపెక్కిన ప్లాస్టిక్ డబ్బాలు డిష్‌వాషర్‌లో తెల్లబడవు. వాటిని కడిగి పెరట్లో ఎండకి పెట్టండి, టెక్సాస్ ఎండకి ఒక్క మధ్యాహ్నంలోనే తేడా కనిపిస్తుంది.

తెనాలి రవి
అన్నీ చదివాను. ఒక మాట అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నప్పుడు పనావిడకి ఇంకో రెండు వేలు ఇచ్చి ఇవన్నీ చేయించుకుంటే సరిపోదా? ఆదివారం కూడా ఈ తోముళ్ళతోనే గడిచిపోతే ఇక మనుషులతో కూర్చునేదెప్పుడు?

గుంటూరు సుధ
రవిగారూ, ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వాలి, నేనూ ఇస్తాను. కానీ పండగ వారంలోనే పనావిడ రాదని అందరం విసుక్కుంటాం. ఆవిడకీ అదే శుక్రవారం, ఆవిడ ఇంట్లోనూ అమ్మవారు. నెలకి కొన్ని సెలవులు జీతంతోనే అని ముందే మాట్లాడుకుంటే ఆవిడ ముందురోజే చెప్తుంది. ఫిల్టర్ నిండిందని, ట్రాప్ ఎండిందని గమనించాల్సింది ఎలాగూ ఇంట్లో ఉండేవాళ్ళే. అది కూలికి ఇవ్వగలిగిన పని కాదు.

విశాఖ శ్రీను
రవిగారి ప్రశ్న నాకు ముఖ్యమనిపించింది. ఆదివారం తోముళ్ళతో గడిచిపోతోందంటే అది ఎవరి ఆదివారం అని చూడాలి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. జీతంలేని ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళకి రోజుకి సగటున 299 నిమిషాలు పడుతుంటే మగవాళ్ళకి 97. అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్ళే నూటికి పాతిక మంది చిల్లర. మనందరి ఇళ్ళలో జరుగుతున్నదే కదా ఇది.

మా ఇంట్లో పనిచేసిన పద్ధతి చెప్తాను. ఒక పని ఒకరిదంటే మొదటినుంచి చివరిదాకా వాళ్ళదే. బట్టలు నావంటే మెషిన్‌లో వేసి స్విచ్చి నొక్కడం ఒక్కటే కాదు. లిక్విడ్ అయిపోవచ్చిందని గుర్తుంచుకోవడం, మంగళవారం పాపకి స్పోర్ట్స్ డ్రెస్ కావాలని తెలుసుకోవడం, వానొస్తే తీగమీంచి తీయడం, మడతపెట్టి ఎవరి అరలో వాళ్ళవి సర్దడం, అన్నీ నావే. నా భార్య ఆ సంగతి ఆలోచించనే అక్కర్లేదు. చెప్తే చేస్తాను అంటూ కూర్చుంటే, చూసుకోవడం, గుర్తుపెట్టుకోవడం, చెప్పడం అంతా ఆవిడకే మిగులుతుంది. అసలు అలసట అక్కడే ఉంది. ఈ మాట మగవాళ్ళకి గట్టిగానే చెప్తున్నాను.

నిజాంపేట వాణి
శ్రీనుగారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఆయనకి ఇష్టమే. చిక్కు ఎక్కడంటే, ఆయన గిన్నె పట్టుకుంటే అత్తయ్యగారు లేచి వచ్చేస్తారు, "నువ్వెందుకురా, ఇటివ్వు" అని. ఆవిడ మోకాళ్ళ నొప్పితో సింకు దగ్గర నిలబడితే మాకు ఇంకా బాధ. ఆవిడ మనసు నొప్పించకుండా ఏం చేయాలి?

కాకినాడ కామేశ్వరి
అమ్మాయ్, మీ అత్తగారి వయసుదాన్నే కాబట్టి చెప్తున్నాను. కొడుకు అంట్లు తోముతున్నాడన్న బాధ ఆవిడకి కొంతే. ఈ ఇంట్లో ఇక నా చేతికి పనిలేదన్న బెంగ దానికంటే పెద్దది. మమ్మల్ని కూర్చోమంటే గౌరవమనే మీరు అనుకుంటారు. మాకు మాత్రం పొద్దు గడవదు.

కూర్చుని చేసే పని, ఆవిడ చేస్తేనే బాగుండే పని, పూర్తిగా ఆవిడకే అప్పజెప్పు. గోంగూర వలవడం, చిక్కుళ్ళు ఈనెలు తీయడం, వత్తులు చేయడం, తోరాలకి తొమ్మిది ముడులు వేయడం. వ్రతానికి ఏ వంట ఎంత కొలత అన్నది ఆవిడని అడిగి రాసుకో. నీ కొడుకునీ కూతుర్నీ ఆవిడ పక్కన కూర్చోబెట్టు, సాక్సులు జతచేయడం, తువ్వాళ్ళు మడతపెట్టడం ఆవిడే నేర్పుతుంది. ఇక గిన్నెల సంగతి. ఆవిడ పడుకున్నాక తోమమని మీ ఆయనకి చెప్పకు, దొంగతనంగా చేసే పనేం కాదది. "అమ్మా, ఇది నా పని, నీ పని అక్కడ ఉంది" అని ఆ అబ్బాయే చెప్పాలి. నువ్వు చెప్తే వేరేగా వినిపిస్తుంది. నాలుగు రోజులు గొణుగుతుంది, మేమందరం గొణిగినవాళ్ళమే.

తెనాలి రవి
కామేశ్వరిగారూ, శ్రీనుగారూ, మీ ఇద్దరి మాటలూ మనసుకి పట్టాయి. మా ఇంట్లో వంటింటి చెత్త, తాగేనీళ్ళ క్యాన్లు ఇకనుంచి నావి. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయడం మా ఆవిడ ఒక్కతే చేస్తోంది. డైపర్లు, ప్యాడ్లు ఎందులో వేయాలి?

గుంటూరు సుధ
వాటిని పాత పేపర్లో గట్టిగా చుట్టి, గుర్తు తెలిసేలా విడిగా ఇవ్వండి. తడిచెత్తలో కలపొద్దు. తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త, ఈ మూడూ కూడా దేనికది విడదీయాలి. బ్యాటరీలు, బల్బులు, కాలం చెల్లిన మందులు ఆ మూడోదాంట్లోకి వస్తాయి. పగిలిన గాజుముక్కలు మాత్రం అట్టపెట్టెలో పెట్టి, చెత్తబండి అతనికి చెప్పి చేతికివ్వండి. ఆ సంచి విప్పేది అతనే.

నిజాంపేట వాణి
చివరగా ఒకటి. కేసరికని తీసిపెట్టిన బొంబాయి రవ్వలో పురుగు కనిపించింది. బియ్యం డబ్బాలోనూ నల్లటి ముక్కుపురుగులు. మూత గట్టిగానే పెట్టాను, ఎలా వస్తున్నాయి?

హన్మకొండ రజిత
బియ్యం సంగతి మీ డబ్బా తప్పు కాదు. ముక్కుపురుగు గింజకి కన్నం చేసి లోపలే గుడ్డు పెడుతుంది. బస్తా మన ఇంటికి వచ్చేసరికే గుడ్లు లోపల ఉంటాయి, వానాకాలం వెచ్చదనానికి, చెమ్మకి పిల్లలవుతాయి. ఆ బియ్యం పళ్ళాల్లో పలచగా పరిచి వెలుతురులో పెడితే పెద్ద పురుగులు నడిచి వెళ్ళిపోతాయి, తరవాత చెరిగి, కడిగి వండుకోవచ్చు. వేపాకు, ఎండుమిర్చి వేసేవాళ్ళున్నారు, అవి కొంతవరకు దూరంగా ఉంచుతాయంతే. రవ్వలో బూజు దారాల్లాంటి ఉండలు కనిపిస్తే దాన్ని వదిలేయండి, జల్లించి వాడొద్దు. కొత్తది పావుకిలో ప్యాకెట్టే తెచ్చుకుని, వాడేదాకా ఫ్రిజ్‌లో పెట్టండి. ఎక్కువ కొనే అలవాటుంటే తెచ్చిన రోజే ప్యాకెట్టుతో సహా నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, బయట గది వేడికి వచ్చాకే విప్పి డబ్బాలో పోయండి. చల్లగా ఉండగా విప్పితే చెమ్మ పడుతుంది.

కాకినాడ కామేశ్వరి
కందిపప్పుకి ఆముదం పట్టించడం మర్చిపోకండి. కిలోకి ఒక చెంచా, రెండు అరచేతులకీ రాసుకుని పప్పు కలిపితే చాలు. వండేముందు రెండుసార్లు కడిగితే జిడ్డు పోతుంది. కేసరికి రవ్వ సన్నది కాకుండా కాస్త పలుకుది తెచ్చుకో వాణీ, నేతిలో కమ్మగా వేగుతుంది.